భాషకు ఒక నిలయం

హైదరాబాదు నగరంలో సుల్తాన్ బజారు పేరు చెప్పగానే ఎవరికైనా చీరల అంగళ్లు, గాజుల దుకాణాలు, పండుగ ముందరి రద్దీ జ్ఞాపకానికి వస్తాయి. ఆ సందడి నడుమనే ఒక గ్రంథాలయం ఉన్నది. దాని పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901వ సంవత్సరం సెప్టెంబరు నెల ఒకటవ తేదీన అది పుట్టినది. 2001లో నూరేండ్లు నిండించుకొని రెండవ శతాబ్దిలో అడుగు పెట్టినది. తెలంగాణలో ఆధునిక పద్ధతిని ప్రజలు తమంత తాముగా ఏర్పరచుకొన్న తెలుగు గ్రంథాలయాలలో ఇదే మొదటిదని చరిత్రకారులు చెబుతారు.

ఈ పేరులో గమనించదగిన విశేషమొకటి ఉన్నది. స్థాపించిన పెద్దలు దీనిని పుస్తక భాండాగారమని పిలువలేదు, పఠనమందిరమనీ అనలేదు. భాషానిలయమన్నారు. భాండాగారమంటే వస్తువులు భద్రపరచుకొనే చోటు. నిలయమంటే ఉండే ఇల్లు. ఇంటిలో మనుషులు కూర్చుంటారు, మాట్లాడుకొంటారు, వచ్చినవారికి పీట వేస్తారు, శుభకార్యాలు జరుపుకొంటారు. తెలుగు భాషకు ఆ మహానగరంలో అటువంటి ఇల్లొకటి అవసరమైనది. ఆ అవసరం ఎందుకు కలిగినది, ఆ ఇంటిలో ఏమి జరిగినది, దాని ఫలితం నగర జీవితం మీద ఎట్లు ప్రసరించినది అనే విషయాలను ఈ ప్రసంగంలో ముచ్చటించుకొందాము.

ముందుగా ఆనాటి హైదరాబాదు స్థితిని తలచుకోవాలి. నిజాం సంస్థానపు ప్రజలలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. తక్కినవారిలో మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు ఉండేవారు. రాజ్యవ్యవహారం మాత్రం చాలాకాలం ఫారసీలో నడచి, 1880వ దశాబ్దంలో ఉర్దూకు మారినది. కచేరీలో ఇచ్చే అర్జీ, న్యాయస్థానంలో చేసే వాదన, ఉద్యోగానికి కావలసిన చదువు అన్నీ ఆ భాషలోనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో బోధించడమనే గొప్ప ప్రయోగం జరిగినది. ఆ భాష కూడ ఉర్దూయే.

పల్లెలో రైతు తన పాట, తన పోట్లాట, తన కష్టసుఖాలు అన్నీ తెలుగులోనే గడుపుకొనేవాడు. చదువుకొని పట్నం చేరిన తెలుగువాడు మాత్రం తన భాషను గడప లోపలనే విడిచి వీధిలోనికి వచ్చేవాడు. నలుగురిలో తెలుగు మాట్లాడడం మోటుతనమనే భావం తెలుగువారిలోనే పాతుకొని ఉండేది. ఇతరులు అణచిన భాషను దాచుకొని కాపాడుకోవచ్చును. మాట్లాడేవాడే చిన్నచూపు చూచుకొన్న భాషను కాపాడడం కష్టం. భాషానిలయం స్థాపకులు ఎదుర్కొన్న అసలు సమస్య ఇదే.

ఆ స్థాపకులలో ముఖ్యులు ముగ్గురు: కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు. వీరికి ఆదిపూడి సోమనాథరావుగారు, మైలవరపు నరసింహశాస్త్రిగారు మొదలైనవారు తోడ్పడినారు. లక్ష్మణరావుగారు 1877లో కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించినారు. నాగపూరులో అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట ఉండి చదువుకొన్నారు. మరాఠీలో కూడ వ్యాసాలు వ్రాయగల పాండిత్యం వారిది. మహారాష్ట్రులు సంఘాలు, పత్రికలు, గ్రంథమాలలు ఏర్పరచుకొని తమ భాషను ఎట్లు పెంపొందించుకొంటున్నారో దగ్గర నుండి చూచినవారు. భాషానిలయం పుట్టిన నాటికి వారికి ఇరువదినాలుగేండ్లు మాత్రమే.

లక్ష్మణరావుగారు దివానుగా పనిచేసిన మునగాల పరగణా ఒక విచిత్రమైన భూభాగం. దాని చుట్టూ ఉన్నది నిజాం రాజ్యం. అది మాత్రం ఇంగ్లీషు ప్రభుత్వపు కృష్ణా మండలంలో చేరినది. అందువల్ల అక్కడి రాజాగారికీ, దివానుగారికీ రెండు వైపుల గాలీ తెలుసును. రావిచెట్టు రంగారావుగారు నల్లగొండ మండలానికి చెందిన భూస్వాములు. హైదరాబాదులోని రెసిడెన్సీ బజారులో నివాసం ఉండేవారు. భాషానిలయం వారి స్వగృహంలోనే ప్రారంభమైనది. రెసిడెన్సీ బజారు ఆనాడు ఇంగ్లీషు రెసిడెంటు అధికారం క్రింద ఉన్న పేట. 1933లో గాని అది తిరిగి నిజాం ప్రభుత్వానికి స్వాధీనం కాలేదు. నేడు మనం సుల్తాన్ బజారు అని పిలిచే ప్రాంతం అదే.

ఈ విధంగా ఒక దేశాంతర విద్యావంతుడు, ఒక జమీందారు, ఒక గృహస్థు కలిసి ఒక ఇంటి గదిలో పుస్తకాలు పేర్చినారు. ఆ గదికి విజయనగర చక్రవర్తి పేరు పెట్టినారు. కృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన ప్రభువు. ఆముక్తమాల్యద రచించిన కవి. ఆయన పేరు వినగానే మన మనస్సుకు తోచేది భువనవిజయం. కవులు కూర్చుని పద్యం చెప్పిన, చెప్పిన పద్యాన్ని నలుగురూ విని మెచ్చుకొన్న కొలువుగా దానిని మనవారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. రెసిడెన్సీ బజారు గదికి ఆ వైభవం లేకపోవచ్చును. కాని పుస్తకంతో పాటు సభ కూడ ఉండవలెననే భావం పేరులోనే ఇమిడి ఉన్నది.

అటువంటి గ్రంథాలయంలో ఏమి జరిగేది? మొదటిది పత్రికా పఠనం. హైదరాబాదులో ఆనాడు తెలుగు దినపత్రిక లేదు. 1902లో బందరులో ప్రారంభమైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక వంటివి దూరప్రాంతాల నుండి తపాలాలో రావలసినవే. వాటిని ఇంటికి తెప్పించుకొనే స్తోమత అందరికీ లేదు. గ్రంథాలయపు బల్ల మీద పరచిన ఒక్క ప్రతిని పదిమంది చదువుకొనేవారు. చదవలేనివానికి చదివినవాడు చెప్పేవాడు.

రెండవది సభ. కవుల జయంతులు, పండితుల ఉపన్యాసాలు, పురాణ పఠనాలు, హరికథలు, అవధానాలు, ఉగాదినాడు కవితాగోష్ఠులు ఆ కాలపు తెలుగు గ్రంథాలయాలకు అలవాటైన కార్యక్రమాలు. వీటిని వినోదమని తేలికగా తీసివేయరాదు. సభలో మాట్లాడడం కూడ ఒక విద్య. అధ్యక్షుని ప్రతిపాదించడం, తీర్మానం బలపరచడం, భిన్నాభిప్రాయాన్ని మర్యాదగా చెప్పడం, జరిగిన దానిని కార్యక్రమాల పుస్తకంలో వ్రాయడం, చివర వందన సమర్పణ చేయడం, ఇవన్నీ తెలుగులో చేయవచ్చునని చేసి చూపితే గాని తెలియదు. ఇంటిలో వంటకు, పొలంలో పనికి, గుడిలో భజనకు మాత్రమే పనికివస్తుందని అనుకొన్న భాష సభావేదిక మీద నిలబడగలదని శ్రోత కన్నులారా చూచినపుడు, అతనిలోని జంకు సగం పోతుంది.

మూడవది కార్యవర్గం. చందా కట్టిన సభ్యులు తమ కార్యదర్శిని తామే ఎన్నుకొని, అతడు చెప్పిన లెక్క విని, నచ్చకపోతే ప్రశ్నించడం గ్రంథాలయ సంఘాల పద్ధతి. దేశపరిపాలనలో ప్రజల వోటుకు చోటు లేని సంస్థానంలో ఈ చిన్న ఎన్నికకు ఎంత విలువ ఉన్నదో మనం ఊహించుకోవచ్చును. స్వపరిపాలనకు మొదటి పాఠం పుస్తకాల బీరువాల నడుమ జరిగినదంటే అతిశయోక్తి కాదు.

భాషానిలయం పెట్టిన ఐదేండ్లకు మరొక సంగతి స్పష్టమైనది. గ్రంథాలయం ఉన్నది, పాఠకులు వస్తున్నారు, వారికి ఇవ్వదగిన కొత్త పుస్తకాలు తెలుగులో చాలినన్ని లేవు. కావ్యాలు, పురాణాలు ఉన్నవి గాని, దేశచరిత్ర, ప్రపంచ చరిత్ర, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం తెలుగులో చదువుకోవలెనంటే దారి లేదు. ఆ కొరత తీర్చుటకు 1906లో లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలైనవారు హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినారు. 1907లో దాని ప్రథమ ప్రచురణగా హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర వెలువడినది. బానిసత్వాన్ని రూపుమాపిన అమెరికా అధ్యక్షుని జీవితంతో తెలుగు విజ్ఞాన గ్రంథమాల మొదలు కావడం అర్థవంతమైన విషయం. తరువాత చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వరుసగా వచ్చినవి. నవలలకు పోటీలు జరిగినవి. 1908లో మండలి మద్రాసుకు తరలిపోయినా దాని పుట్టినిల్లు మాత్రం హైదరాబాదే. చదివే చోటు ఏర్పడినది గనుకనే వ్రాయవలసిన అవసరం కనబడినది.

ఒక దీపం నుండి మరొక దీపం వెలిగినట్లు 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలసినవి. హనుమకొండవారు ఎంచుకొన్న పేరు కూడ ఒక రాజుదే. నన్నయభట్టుచేత మహాభారత ఆంధ్రీకరణం ఆరంభింపజేసిన ప్రభువు పేరది. అక్కడ కూడ ‘భాషానిలయం’ అనే మాటనే నిలుపుకొన్నారు.

1910లో రావిచెట్టు రంగారావుగారు నడివయస్సు రాకముందే కాలధర్మం చెందినారు. ఇంటి యజమాని పోయిన తరువాత ఇటువంటి సంస్థలు చెదరిపోవడం లోకంలో సాధారణంగా జరిగేదే. ఇక్కడ అట్లు జరుగలేదు. వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు భర్త తలపెట్టిన కార్యం ఆగిపోరాదని మూడువేల రూపాయల విరాళం ఇచ్చినారు. ఆనాటికి అది స్వల్పమైన మొత్తం కాదు. ఆ విరాళం ఆధారంగా, మరికొందరి తోడ్పాటుతో స్వంత భవనం లేచినది. 1921లో ఆ భవనాన్ని కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రారంభించినారు. పుస్తకాల గురించి, పండితుల గురించి వ్రాసేటపుడు మనం తరచుగా మరచిపోయే పేరు ఈ తల్లిది. భాషకు ఇల్లు కట్టించినవారిలో ఆమెను ముందుగా లెక్కింపవలసి ఉన్నది.

అదే 1921వ సంవత్సరం నవంబరులో, ఆ భవనానికి ఎంతో దూరం లేని వివేకవర్ధని రంగమందిరంలో, ఒక సంఘటన జరిగినది. నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభకు మహర్షి కర్వేగారు అధ్యక్షులుగా వచ్చినారు. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగించినారు; సభ్యులు విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి ఒక తీర్మానం మీద తెలుగులో మాట్లాడసాగినారు. వెంటనే సభలో నవ్వులు, చప్పట్లు, అల్లరి. ఆయన ప్రసంగం సాగనీయలేదు.

ఆ అవమానం తెలుగువారి గుండెల్లో గుచ్చుకొన్నది. ఆ రాత్రే కొందరు టేక్మాల్ రంగారావుగారి ఇంట సమావేశమై ఆంధ్రజనసంఘాన్ని స్థాపించినారు. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు ఆ సమావేశంలో ఉన్నవారే. తెలంగాణ రాజకీయ చరిత్ర వ్రాసిన వారందరూ ఈ సంఘటనను ఒక మలుపుగా చెబుతారు. అది నిజమే. అయితే మనం మరొక ప్రశ్న వేసుకోవాలి. అటువంటి ఎగతాళి అంతకు ముందు జరుగలేదా? జరిగి ఉంటుంది, తెలుగువాడు తలవంచుకొని ఇంటికి పోయి ఉంటాడు. 1921లో తలవంచుకొనక ఆ రాత్రికి రాత్రే సంఘం కట్టడానికి కావలసిన ధైర్యం ఎక్కడి నుండి వచ్చినది? ఇరువదేండ్లుగా ఈ నగరంలో తెలుగులో సభలు నడిపే అలవాటు ఒకచోట సాగుతూ ఉన్నది. తీర్మానం వ్రాయడం తెలిసినవారు, సంఘం నడపడం తెలిసినవారు అక్కడ తయారై ఉన్నారు. నిప్పు వివేకవర్ధనిలో రాజుకొన్నదేమో గాని, ఎండుకట్టెలు పేర్చినది భాషానిలయం.

ఆంధ్రజనసంఘం పెట్టుకొన్న ఆశయాలు చూడండి. గ్రంథాలయాలు, పఠనమందిరాలు, పాఠశాలలు నెలకొల్పడం, తాళపత్ర గ్రంథాలను, శాసనాలను సేకరించడం, కరపత్రాల ద్వారా, ఉపన్యాసాల ద్వారా విజ్ఞానం వ్యాపింపజేయడం, విద్వాంసులను గౌరవించడం. రాజకీయమనదగిన మాట వీటిలో కనబడదు. అయినా ప్రభుత్వం ఈ పనులను అనుమాన దృష్టితోనే చూచినది. సభ జరపవలెనంటే ముందుగా అనుమతి పొందవలెననే నిబంధన ఒకటి వచ్చినది. గస్తీ నిషాన్ 53 అనే పేరుతో అది ప్రసిద్ధికెక్కినది. పల్లెలో నాలుగు పుస్తకాలు, రెండు పత్రికలు పెట్టుకొని యువకులు కూడితే గ్రామాధికారి కంటికి అది కలవరం కలిగించేది. చదువుకొన్న రైతు రసీదు అడుగుతాడు. చదువుకొన్నవాడు వెట్టిచాకిరీ ఎందుకు చేయాలని అడుగుతాడు. అధికారుల భయంలో కొంత సత్యం లేకపోలేదు. పుస్తకం చేసే పని అదే.

అయినా పని ఆగలేదు. 1922లో ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను, నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించినారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక హైదరాబాదు నుండి బయలుదేరినది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో వారు ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించినారు. 1930లో జోగిపేటలో ప్రథమ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను, దానితో పాటే మహిళాసభ నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను జరిగినవి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగినారు.

ఈ కాలంలోనే భాషానిలయం పెద్దలు చరిత్ర పరిశోధనకు కూడ పూనుకొన్నారు. 1923లో లక్ష్మణరావుగారు పరమపదించినపుడు వారి స్మృతిచిహ్నంగా హైదరాబాదులోని పరిశోధక సంఘానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టినారు. రావిచెట్టువారి ఇంటి ఆదరణలో చదువుకొని పైకి వచ్చిన ఆదిరాజు వీరభద్రరావుగారు దానికి ప్రాణంగా పనిచేసినారు. పొలాల గట్ల మీద, పాడుపడిన గుళ్లలో ఉన్న రాతి శాసనాలను చదివి, నకళ్లు తీసి, 1935లో తెలంగాణా శాసనములు అనే సంపుటాన్ని వెలువరించినారు. తమ భాష ఈ నేలమీద నిన్న మొన్న మొలచినది కాదని ప్రజలకు చూపడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం వేరొకటి లేదు.

ఇదంతా ఉర్దూ మీద ద్వేషంతో జరిగిన పని అని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. ఈ ఉద్యమాన్ని నడిపినవారిలో పలువురు ఉర్దూలో, ఫారసీలో గట్టి పండితులు. బూర్గులవారు ఫారసీ సాహిత్యాన్ని లోతుగా చదివి పారశీక వాఙ్మయ చరిత్ర తెలుగులో వ్రాసినారు. నగరంలో 1891లోనే అసఫియా గ్రంథాలయం ఏర్పడినది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ భాషల అపురూపమైన వ్రాతప్రతులకు అది నెలవైనది. 1936లో అఫ్జల్‌గంజి దగ్గర మూసీ ఒడ్డున దాని భవనం వెలసినది. 1955లో అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమై అన్ని భాషల పుస్తకాలకు వాకిలి తెరచినది. భాషానిలయంవారు అడిగినది ఒకరి ఇల్లు తీసివేయమని కాదు. తమకు కూడ ఒక ఇల్లు ఉండవలెనని మాత్రమే.

కృష్ణాతీరంలో కూడ ఇదే కాలంలో గ్రంథాలయోద్యమం సాగినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతను ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. దాని వెనుక నిలిచినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1935లో పాతూరి నాగభూషణంగారి కృషివల్ల కాలువలో పడవ మీద గ్రంథాలయం ఊరూరికీ తిరిగినది. అయితే ఒక భేదం ఉన్నది. అక్కడ సభ పెట్టడానికి ఇబ్బంది తక్కువ. ఇక్కడ సభ పెట్టడమే ఇబ్బంది. అందువల్ల హైదరాబాదులో గ్రంథాలయపు గదికి ఉన్న బరువు మరింత ఎక్కువ.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితులు మారినవి. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో పౌర గ్రంథాలయ చట్టాలు వచ్చినవి. ఉభయ ప్రాంతాలూ ఏకమైన తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం ఏర్పడినది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే పద్ధతి స్థిరపడినది. ఒకనాడు చందాల మీద, దాతల మీద ఆధారపడిన పని ప్రజల హక్కుగా మారినది. ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదనే ఫిర్యాదు చిరకాలంగా వినబడుతూనే ఉన్నది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడ ఈ ప్రశ్న మిగిలియే ఉన్నది.

ఈనాడు నగర గ్రంథాలయపు జీవితం చూడవలెనంటే చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లవలెను. ఉదయం నుండి రాత్రి దాకా అక్కడ యువతీయువకులు నిండి ఉంటారు. లోపల చోటు చాలక ఆవరణలోని చెట్ల క్రింద కూర్చుంటారు. జిల్లాల నుండి వచ్చి, అద్దె గదులలో ఉండి, ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే పిల్లలు వారు. గ్రంథాలయాలకు ఆదరణ తగ్గినదని విచారించేవారు ఒక్కసారి ఆ దృశ్యం చూడాలి. అన్నం డబ్బా, నీళ్ల సీసా, పుస్తకాల కట్ట పెట్టుకొని అంత శ్రద్ధగా చదివే పిల్లలను చూచినపుడు మన మనస్సు ఆర్ద్రమవుతుంది.

కాని ఆ శ్రద్ధలో ఒక లోటు కూడ మనకు కనబడుతుంది. వారిలో ప్రతి ఒక్కరూ ఒంటరిగా చదువుతారు. పక్కన కూర్చున్నవాడు మిత్రుడైనా, అదే ఉద్యోగానికి పోటీదారు. ప్రశ్నకు ఒకే సమాధానం ఉన్న పుస్తకాలే వారి ముందు ఉంటాయి. ఇందులో వారి తప్పేమీ లేదు. బ్రతుకుతెరువు వారిని అక్కడ కూర్చుండబెట్టినది. 1901లో ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు గ్రంథాలయం పెట్టినాడు. ఈనాడు ఇరువదినాలుగేండ్ల యువకుడు గ్రంథాలయంలో చోటు కోసం తెల్లవారకముందే వస్తున్నాడు. వీరిద్దరి నడుమ తెగిన తీగను కలపడం పెద్దల బాధ్యత. వారానికి ఒక సాయంకాలం ఆ ఆవరణలోనే ఒక ఉపన్యాసమో, ఒక కవితాపఠనమో, ఒక చర్చయో జరిగితే, పరీక్షలో గెలిచినవాడూ ఓడినవాడూ కూడ కొంత సంపాదించుకొని ఇంటికి పోతారు.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ మాట చెప్పడంలో మాకు కొంత సంకోచం లేకపోలేదు. సభకు పోవలసిన పని లేకుండా ప్రసంగాన్ని, సంగీతాన్ని, నాటకాన్ని ఇంటికే తెచ్చినది రేడియో. హైదరాబాదులో 1935లో నిజాం ప్రభుత్వం చేపట్టిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ ఒకటవ తేదీన ఆకాశవాణిలో విలీనమైనది. పల్లె పల్లెకూ తెలుగు మాటను చేరవేయడంలో రేడియో చేసిన సేవను ఎవరూ కాదనలేరు. అయినా దానికి ఒక పరిమితి ఉన్నది. రేడియో మాట్లాడుతుంది; మనం వింటాము. మన అభ్యంతరం దానికి వినబడదు. గ్రంథాలయపు సభలో అయితే వెనుక వరుసలో కూర్చున్నవాడు లేచి, ‘అయ్యా, మీరు చెప్పినది నాకు అంగీకారం కాదు’ అనవచ్చును. భాష వినికిడితో నిలుస్తుంది, మాట్లాడడంతో పెరుగుతుంది. నలుగురిలో మాట్లాడే చోటు లేకపోతే ఎంత గొప్ప భాషయైనా మళ్లీ ఇంటి గడప లోపలికే చేరుకొంటుంది. ఈ కాలంలో పిల్లలతో ఆ గడప లోపల కూడ తెలుగు మాట్లాడని ఇండ్లు ఉన్నవి. అటువంటపుడు ఆ భాష తలదాచుకోవడానికి మరొక ఇల్లు ఎంతైనా అవసరం.

1921లో వివేకవర్ధనిలో ఒక మనిషి తెలుగులో మాట్లాడబోతే నవ్వినారు. ఈనాడు ఎవరూ అట్లు నవ్వరు. ఎందుకంటే ఆ రోజులలో కొందరు పెద్దలు ఒక గది ఇచ్చినారు, ఒక వితంతువు మూడువేల రూపాయలు ఇచ్చినది, మరికొందరు సాయంకాలాలు ఇచ్చినారు. మనం గది ఇవ్వనవసరం లేదు; గదులు ఉన్నవి. మూడువేల రూపాయలు ఇవ్వనవసరం లేదు. పన్నులో ఇస్తూనే ఉన్నాము. ఇక మిగిలినది సాయంకాలం. మీ ఊరిలో, మీ పేటలో ఉన్న గ్రంథాలయంలో ఎప్పుడైనా ఒక సభ జరుగుతున్నదని తెలిస్తే, ఆ ఒక్క సాయంకాలం రేడియో కట్టివేసి, పిల్లల చేయి పట్టుకొని అక్కడికి వెళ్లండి. సభ జరగడం లేదని తెలిస్తే, ఎందుకు జరగడం లేదని అడగండి. భాషానిలయాలు అట్లు అడిగినవారివల్లనే పుట్టినవి.